45 పౌండ్ల ప్లేట్ అంటే 20 కిలోలేనా? రాడ్ మీది లెక్కలు

మీరు అడిగింది ఇదీ. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి రాడ్‌ని పైకి నెట్టడం) 60 కిలోలు, డెడ్‌లిఫ్ట్ (నేలమీది రాడ్‌ని నిలబడేదాకా లాగడం) 120 కిలోలు చేసేవారు. ఎమ్మెస్ కోసం డాలస్ వచ్చాక జిమ్‌లో చూస్తే ప్లేట్ల మీద 45, 35, 25, 10 అని పౌండ్ల అంకెలు. "45 అంటే మన 20 కిలోలే, మిగతావి కూడా వరుసగా అంతే, వేసెయ్" అన్నాడు రూమ్మేట్. అలాగే వేస్తే బెంచ్ ఎలాగో అయింది కానీ డెడ్‌లిఫ్ట్ మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది. బలం తగ్గిపోయిందా అని టెన్షన్. యాప్‌లో ఏ యూనిట్ పెట్టుకోవాలి, గరాజ్‌కి ఏ సెట్ కొనాలి, అక్కడే పవర్‌లిఫ్టింగ్ మీట్‌లో (స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్‌ల పోటీ) దిగితే ఏ లెక్క నడుస్తుంది అన్నవి మిగతా ప్రశ్నలు.

నేను కొన్నేళ్లపాటు జిల్లా, రాష్ట్ర స్థాయి పోటీల్లో ప్లాట్‌ఫామ్ మీద లోడింగ్, అంటే రాడ్‌కి ప్లేట్లు ఎక్కించే పని చేశాను, ఇప్పుడు కోచింగ్ ఇస్తున్నాను. లోడర్ పని సగం ఇనుము మోయడం, సగం నోటి లెక్కలు. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ముందు మీ డెడ్‌లిఫ్ట్ సంగతి. బలం ఎక్కడికీ పోలేదు. హైదరాబాద్‌లో 120 అంటే 20 కిలోల రాడ్, సైడ్‌కి 20, 20, 10. మీ రూమ్మేట్ లెక్క ప్రకారం 20 బదులు 45, 10 బదులు 25 వేశారు. సైడ్‌కి 115 పౌండ్లు, రెండు సైడ్లూ 230, రాడ్ 45 కలిపితే 275 పౌండ్లు. అంటే 124.7 కిలోలు. రోజూ 120 లాగే మనిషికి చెప్పకుండా దాదాపు 5 కిలోలు ఎక్కువ వేస్తే, అదీ కొత్త ఊళ్లో, నిద్ర సరిగ్గా లేని వారంలో, మోకాళ్ల దగ్గర ఆగిపోవడంలో వింతేమీ లేదు. మీకు కావలసింది 265 పౌండ్లు. సైడ్‌కి 45, 45, 10, 10. అది 120.2 కిలోలు. మళ్లీ వెళ్లి లాగి చూడండి.

ఒక పౌండ్ అంటే 0.45359237 కిలో. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాలు కలిసి దీన్ని ఇలా కచ్చితంగా నిర్ణయించుకున్నాయి. ఆ లెక్కన ప్లేట్లు ఇలా వస్తాయి: 45 అంటే 20.41 కిలోలు, 35 అంటే 15.88, 25 అంటే 11.34, 10 అంటే 4.54, 5 అంటే 2.27, రెండున్నర అంటే 1.13. వీటి పక్కన మన 20, 15, 10, 5, 2.5, 1.25 పెట్టి చూడండి. 45 దగ్గర తేడా 2 శాతం. 35 దగ్గర దాదాపు 6 శాతం. 25 దగ్గరకొచ్చేసరికి 13 శాతం పైనే. ఆ కింద ఉన్న చిన్న ప్లేట్లేమో తిరగబడి, మన కిలోల ప్లేట్ కంటే తేలికగా ఉంటాయి. మీ రూమ్మేట్ మాట ఒక్క 45 దగ్గర చెల్లుతుంది. ఆ పక్కనున్న 25 దగ్గర బొత్తిగా చెల్లదు. మీ బెంచ్ లేచి డెడ్‌లిఫ్ట్ లేవకపోవడానికి కారణం ఇదే. బెంచ్‌కి మీరు వాడింది 45లు మాత్రమే, 135 పౌండ్లు, అంటే 61.2 కిలోలు.

అసలు 45 అనే ఈ వంకర అంకె ఎందుకు, 50 పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చివర్లు తిరిగే ఒలింపిక్ రాడ్ జర్మనీ నుంచి వచ్చింది. న్యూరెంబర్గ్‌కి చెందిన కాస్పర్ బెర్గ్ తయారుచేసిన రాడ్లు 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్ నాటికే వాడుకలో ఉన్నాయి. అంతర్జాతీయ పోటీలు కిలోలవే. అమెరికాలో పెన్సిల్వేనియాలోని యార్క్ పట్టణం నుంచి బాబ్ హాఫ్‌మన్ నడిపిన యార్క్ బార్బెల్ లాంటి కంపెనీలు పౌండ్లలో సెట్లు అమ్మాయి. 20 కిలోలు అంటే 44.09 పౌండ్లు. ఆ అంకెను ప్లేట్ మీద పోతపోయలేరు కాబట్టి దగ్గరలో ఉన్న 45. అలాగే 15 కిలోలు 33.07, దానికి 35. 25 కిలోలు 55.1, దానికి 55. ఈ వరుస చూస్తే చాలు, కిలోల సెట్టుని పౌండ్లలోకి గుండ్రం చేసుకున్నారని తెలిసిపోతుంది. 10 కిలోలకు మాత్రం 22 రావాలి, 25 వచ్చింది. మిమ్మల్ని ముంచింది ఆ ఒక్కటే.

రాడ్ విషయానికి వద్దాం. ఇక్కడ అమెరికావాళ్ల కంటే మనవాళ్లతోనే గొడవ ఎక్కువ. అంతర్జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ సమాఖ్య ప్రకారం మగవాళ్ల రాడ్ 20 కిలోలు, 2.2 మీటర్ల పొడవు, పట్టుకునే చోట 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్ల రాడ్ 15 కిలోలు, 2.01 మీటర్లు, 25 మిల్లీమీటర్లు. ప్లేట్లు ఎక్కే చివరి గొట్టం రెండింటికీ 50 మిల్లీమీటర్లే. అమెరికన్ జిమ్‌లో "45 పౌండ్ల బార్" అని పిలిచేవాటిలో చాలావరకు ఈ 20 కిలోల రాడ్లే. అరకిలో లోపు తేడా, దాన్ని వదిలేయండి. ఒకే రాక్ దగ్గర 35 పౌండ్ల రాడ్ కూడా ఉండొచ్చు, అంటే ఆడవాళ్ల 15 కిలోల రాడ్. పట్టుకుంటే సన్నగా తగులుతుంది, రాక్ మీద కొంచెం పొట్టిగా కనిపిస్తుంది. చూసుకోకపోతే ఒకరోజు అకస్మాత్తుగా 5 కిలోల బలం పెరిగినట్టు అనిపిస్తుంది.

మన దగ్గర సంగతి వేరు. ఒలింపిక్ రాడ్ లేని జిమ్‌లు ఎన్నో. అపార్ట్‌మెంట్ జిమ్‌లలో, ఇళ్లలో ఉండేవి అయిదడుగుల సన్న రాడ్లు. 28 మిల్లీమీటర్ల గట్టి ఉక్కు కడ్డీ అయిదడుగులుంటే బరువు 7.4 కిలోలు, 25 మిల్లీమీటర్లదైతే 5.9 కిలోలు. ఇది ఎవర్నీ అడగక్కర్లేదు, ఉక్కు ఘనపు సెంటీమీటరుకి 7.85 గ్రాములు, మిగతాది ఎనిమిదో తరగతి లెక్క. లోపల బోలుగా ఉంటే ఇంకా తక్కువ. అలాంటి రాడ్‌ని 20 కిలోలు అనుకుని రాసుకుంటే 12 కిలోలు గాల్లోంచి వచ్చినట్టే. దీనికి విరుగుడుగా కాబోలు, మనవాళ్లు చాలామంది రాడ్‌ని అసలు లెక్కలోకే తీసుకోరు. "ఎంత వేశావ్?" అంటే "సైడ్‌కి ఇరవై" అంటారు. అందులో నిజాయితీ ఉంది, ఒప్పుకుంటాను. ఇబ్బంది ఎక్కడంటే, అదే మనిషి ఇంటర్నెట్‌లో చూసిన ప్రోగ్రామ్‌లో "మీ గరిష్ఠ బరువులో 75 శాతం" అని ఉంటే 40లో 75 శాతం తీసుకుంటాడు. ఒలింపిక్ రాడ్ అయితే అతను ఎత్తేది నిజానికి 60. కాబట్టి మీ పాత "60 బెంచ్"లో రాడ్ కలిసి ఉందా, ఆ రాడ్ ఏ రకానిది అన్నది ఒకసారి గుర్తుచేసుకోండి. మీరు చెప్పిన లెక్కల్ని బట్టి ఒలింపిక్ రాడ్డే అనుకున్నాను. కాకపోతే పాత అంకెల్ని మర్చిపోయి డాలస్‌లో మళ్లీ మొదలుపెట్టండి, నష్టమేమీ లేదు.

స్మిత్ మెషీన్ (రాడ్ పట్టాల్లో పైకీ కిందికీ జారేది), కేబుల్ మెషీన్ల మీది అంకెలు మాత్రం ఏ యూనిట్‌లో ఉన్నా ఒక మెషీన్‌కీ ఇంకో మెషీన్‌కీ పోల్చకండి. స్మిత్ రాడ్‌కి వెనక ఎదురు బరువు ఉండొచ్చు, కేబుల్‌కి పుల్లీలు ఒకటో రెండో ఉండొచ్చు. ఆ అంకె ఆ మెషీన్‌కే పనికొస్తుంది.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం. 45కీ 20కీ తేడా 410 గ్రాములు అని ఇంత లెక్క వేశాం. అసలు ప్లేట్ మీద రాసిన బరువు ప్లేట్‌లో ఉంటుందా? పోటీ ప్లేట్లలో ఉంటుంది. వెయిట్‌లిఫ్టింగ్ నియమాల్లో 5 కిలోలు దాటిన డిస్కుకి అనుమతించే తేడా పైకి 0.1 శాతం, కిందికి 0.05 శాతం. అంటే 20 కిలోల డిస్కు 20 గ్రాములు ఎక్కువ ఉండొచ్చు, 10 గ్రాములకు మించి తగ్గకూడదు. పవర్‌లిఫ్టింగ్‌లో అంతర్జాతీయ సమాఖ్య అనుమతి 0.25 శాతం, 20 కిలోలకు 50 గ్రాములు. పోటీ ప్లేట్ల ధర చూసి గుండె ఆగిపోయేది ఈ గ్రాముల కోసమే. మామూలు జిమ్ ప్లేట్‌కి ఇలాంటి కట్టుబాటు ఏమీ లేదు. పోత పోసి, పెయింట్ వేసి, లేదా రబ్బరు తొడిగి పంపేస్తారు. రెండు మూడు శాతం అటూఇటూ ఉండటం మామూలే. 3 శాతం అంటే 20 కిలోల ప్లేట్‌లో 600 గ్రాములు. ఇక చూడండి, పౌండ్లకీ కిలోలకీ మధ్య మనం కొట్టుకుంటున్న తేడా కంటే ఒకే స్టాండ్ మీద పక్కపక్కన ఉన్న రెండు 20 కిలోల ప్లేట్ల మధ్య తేడా ఎక్కువ ఉండొచ్చు. యాప్ 61.23 అని రెండు దశాంశాలు చూపించినంత మాత్రాన మీరు ఎత్తింది 61.23 అని కాదు.

ఇది ఎలా తెలుసుకోవాలంటే కాటా మీద పెట్టడమే. బాత్రూమ్ కాటా అయినా సరే, ముందు మీరొక్కరే ఎక్కి, తర్వాత ప్లేట్ పట్టుకుని ఎక్కి తేడా తీయండి. ఇంకా బాగా కావాలంటే కిరాణా షాపులోనో కొరియర్ ఆఫీసులోనో ఉండే 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా అద్భుతంగా పనిచేస్తుంది. నేను కోచింగ్ ఇచ్చే చోట మొదట చేయించిన పని అన్ని ప్లేట్లనీ తూయించి, అసలు బరువుని పెయింట్ పెన్నుతో వెనకవైపు రాయించడం, దగ్గర బరువులున్న వాటిని జతలు కట్టించడం. మొత్తం బరువు అరకిలో అటూఇటూ అయితే నడిచిపోతుంది. ఎడమకీ కుడికీ మధ్య కిలో తేడా ఉంటే మాత్రం భుజం చెప్తుంది.

అక్కడినుంచే అసలు ప్రమాదం మొదలవుతుంది, రెండు రకాల ప్లేట్లూ కలిసిపోయిన జిమ్. అమెరికాలో చాలా జిమ్‌లలో పౌండ్ల ఇనుప ప్లేట్లతోపాటు ఒక మూల కిలోల రబ్బరు ప్లేట్లు కూడా ఉంటాయి. మన దగ్గర కూడా దిగుమతి సామాను తెప్పించిన జిమ్‌లలో ఇదే పరిస్థితి. ఒక సైడ్ 45 పౌండ్లు, రెండో సైడ్ 20 కిలోలు పడితే తేడా 400 గ్రాములు, పట్టించుకోకపోయినా నష్టం లేదు. 35, 15 పడితే 880 గ్రాములు. 25 పౌండ్లదీ 10 కిలోలదీ పడితే 1.34 కిలోలు, రాడ్‌ని తల పైకి నెట్టే ఓవర్‌హెడ్ ప్రెస్‌లో అది బాగా తెలుస్తుంది. అన్నిటికంటే ఘోరం, అంకె ఒకటే ఉండి యూనిట్ వేరైనప్పుడు. ఒక సైడ్ 25 కిలోలు, ఇంకో సైడ్ 25 పౌండ్లు పడిందనుకోండి, తేడా 13 కిలోల పైన. రాక్ లోంచి తీయగానే రాడ్ ఒకవైపు ఒరిగి, క్లిప్పులు లేకపోతే ప్లేట్లు జారి, రెండోవైపు తిరగబడి పడుతుంది. ఇది నేను కళ్లారా చూశాను. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అద్దం పోయింది.

రంగులు చూసి గుర్తుపడతాం అనుకుంటే అదీ పూర్తిగా నమ్మలేం. వెయిట్‌లిఫ్టింగ్‌లో 25 ఎరుపు, 20 నీలం, 15 పసుపు, 10 ఆకుపచ్చ. పౌండ్లలో రబ్బరు ప్లేట్లు అమ్మేవాళ్లు కూడా చాలామంది ఇవే రంగులు వాడతారు: 55 ఎరుపు, 45 నీలం, 35 పసుపు, 25 ఆకుపచ్చ. ఎరుపు దగ్గర ఇబ్బంది లేదు, 55 పౌండ్లంటే 24.95 కిలోలు, దాదాపు ఒకటే. ఆకుపచ్చ దగ్గర మాత్రం మళ్లీ ఆ పాత 1.34 కిలోల పేచీ. పైగా చిన్న ప్లేట్లకు అవే రంగులు మళ్లీ వస్తాయి, రెండున్నర కూడా ఎరుపే. అది సైజు చూస్తే తెలిసిపోతుందనుకోండి. నా నియమం ఒకటే: ఒక రాడ్ మీద ఒకే రకం సెట్టు. చిన్న ప్లేట్ దొరకలేదని పక్క సెట్టులోంచి ఒకటి తెచ్చి వేయొద్దు. తప్పదంటే జతగా తెచ్చి రెండు సైడ్లా ఒకటే వేయండి.

సైజు అన్నాను కాబట్టి డెడ్‌లిఫ్ట్ గురించి ఇంకో మాట. పోటీ డిస్కు వ్యాసం 450 మిల్లీమీటర్లు. దానివల్ల రాడ్ మధ్యభాగం నేలకి 225 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. అమెరికన్ 45 పౌండ్ల ప్లేట్లు ఇంచుమించు ఈ సైజే. మన జిమ్‌లలో 20 కిలోల ప్లేట్ ఏ సైజులోనైనా ఉండొచ్చు. 400 మిల్లీమీటర్ల ప్లేట్ అయితే రాడ్ రెండున్నర సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. చీలమండ పైన ఒక అంగుళం తేడా పొడవాటి మనిషికి చాలా ఎక్కువ. బరువు ఒకటే అయినా డాలస్‌లో డెడ్‌లిఫ్ట్ తేలికగానో కష్టంగానో అనిపిస్తే యూనిట్‌ని తిట్టే ముందు ప్లేట్‌కి టేపు పెట్టి కొలవండి. 20 కిలోల ప్లేట్ల కంటే తేలికైనవాటితో డెడ్‌లిఫ్ట్ నేర్చుకునేవాళ్లని 10 కిలోల పెద్ద రబ్బరు ప్లేట్లు కొనమనడానికి కూడా ఇదే కారణం. చిన్న ఇనుప ప్లేట్లతో నేర్చుకుంటే నడుము వంచడమే నేర్చుకుంటారు.

ఇక యాప్. ప్లేట్ ఏ యూనిట్‌లో ఉంటే యాప్ కూడా ఆ యూనిట్‌లోనే. డాలస్‌లో పౌండ్లు పెట్టేయండి, హైదరాబాద్ వస్తే కిలోలకి మార్చండి. పౌండ్ల ప్లేట్లు వేసి కిలోల్లో రాసుకునేవాళ్లని చూశాను. వాళ్ల నోట్‌బుక్‌లో 61.2, 83.9, 102.1 లాంటి అంకెలుంటాయి. మూడు వారాలకి గుండ్రం చేయడం మొదలుపెడతారు, 61 అంటారు, 60 అంటారు, 84ని 85 అంటారు. తర్వాత బలం పెరిగిందో గుండ్రం చేయడం పెరిగిందో వాళ్లకే తెలియదు. పాత రికార్డులతో పోల్చుకోవడానికి నోటి లెక్క కావాలంటే సులువైనది చెప్తాను. కిలోల్ని రెట్టింపు చేసి, వచ్చినదానిలో పదోవంతు కలపండి: 60కి 120, దానికి 12, మొత్తం 132. పౌండ్లనుంచి రావాలంటే సగం చేసి అందులో పదోవంతు తీసేయండి: 225లో సగం 112.5, అందులోంచి 11.25 పోతే 101.25. అసలు జవాబు 102.06. ఎప్పుడూ కొంచెం తక్కువే వస్తుంది, ఒక శాతం లోపు. జిమ్‌లో ఇది చాలు. మీట్ ఫారం నింపేటప్పుడు మాత్రం కాలిక్యులేటర్ తీయండి.

ఒక మైలురాయిల పిచ్చి ఉంటుంది, దాని గురించి హెచ్చరించాలి. అమెరికాలో సైడ్‌కి ఒక ప్లేట్, రెండు ప్లేట్లు, మూడు ప్లేట్లు అంటే 135, 225, 315. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆటగాళ్లని పరీక్షించే చోట కూడా బెంచ్ మీద 225 పౌండ్లే పెట్టి ఎన్నిసార్లు ఎత్తుతారో లెక్కపెడతారు. మన దగ్గర అవే 60, 100, 140. పైకి పోయేకొద్దీ తేడా పెరుగుతుంది: 225 అంటే 102 కిలోలు, 315 అంటే దాదాపు 143, సైడ్‌కి నాలుగు ప్లేట్ల 405 అంటే 183.7, మన నాలుగు ప్లేట్లు 180. గుండ్రటి అంకె మీద మోజు పెద్దపెద్దవాళ్లకీ ఉంది. రష్యన్ లిఫ్టర్ వసిలీ అలెక్సేయెవ్ 1970 మార్చిలో మిన్స్క్‌లో మూడు లిఫ్టుల మొత్తం 600 కిలోలు అందుకున్న మొదటి మనిషి అయ్యాడు. అదే ఏడాది అమెరికాలోని కొలంబస్ (ఒహాయో రాష్ట్రం) ప్రపంచ పోటీల్లో క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, తర్వాత తల పైకి ఎత్తడం) 500 పౌండ్లు దాటిన మొదటి మనిషి కూడా అతనే అయ్యాడు. ఆ బరువు కిలోల్లో 227.5. సోవియట్ యూనియన్‌లో ఆ అంకె ఎవరినీ కుర్చీలోంచి లేపదు, ఒహాయోలో జనం ఊగిపోయారు. డెడ్‌లిఫ్ట్‌లోనూ అంతే. 2006లో ఆండీ బోల్టన్ వెయ్యి పౌండ్లు దాటించాడు, 455 కిలోలు. 2016లో ఎడ్డీ హాల్ 500 కిలోలు ఎత్తాడు, పౌండ్లలో అది 1102, ఎవరికీ గుర్తుండని అంకె. మీరు డాలస్‌లో 225 బెంచ్ కోసం ప్రాణం పెట్టే ముందు మీరు 100 కిలోలు ఎప్పుడో దాటేశారేమో చూసుకోండి. లేదా, ఇంకా 2 కిలోల దూరం ఉందేమో.

ప్రోగ్రామ్‌ల దగ్గర కూడా ఇలాంటి గుండ్రం చేయడం ఒక చిక్కు తెస్తుంది. అమెరికన్ ప్రోగ్రామ్‌లలో "ప్రతి వారం 5 పౌండ్లు పెంచు" అని ఉంటుంది, ఎందుకంటే అక్కడి చిన్న ప్లేట్ల జత రెండున్నర పౌండ్లవి. మనవాళ్లు దాన్ని "వారానికి రెండున్నర కిలోలు" అని తిప్పుకుంటారు. రెండున్నర కిలోలు 5.5 పౌండ్లు. పన్నెండు వారాలకి ఒకరు 27 కిలోలు పెంచితే మరొకరు 30 పెంచాలి. అది ఎలాగో సర్దుకోవచ్చు. మన మామూలు జిమ్‌లలో అసలు బాధ ఏమిటంటే, చాలాచోట్ల అన్నిటికంటే చిన్న ప్లేట్ రెండున్నర కిలోలది. జత వేస్తే ఒకేసారి 5 కిలోలు. 40 కిలోల ఓవర్‌హెడ్ ప్రెస్ చేసే అమ్మాయికి అది పన్నెండున్నర శాతం పెంపు. ఎవరూ అలా పెరగరు. ఆమె నెలల తరబడి 40 దగ్గరే ఆగిపోయి "నా వల్ల కాదేమో" అనుకుంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లతో బెల్టు, రిస్ట్ బ్యాండ్ల కంటే ముందు 1.25 కిలోల జత ఒకటి, అర కిలో జత ఒకటి కొనిపిస్తాను. బ్యాగులో పడేసుకుని ఏ జిమ్‌కైనా వెళ్లొచ్చు. మీరూ కొనుక్కోండి. ఆ చిన్నవాటికి యూనిట్‌తో పనిలేదు, జతగా రెండు సైడ్లా పడతాయి.

ఈ చిన్న బరువుల విలువ తెలియాలంటే మన కరణం మల్లీశ్వరిని గుర్తుచేసుకోవాలి. 2000 సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల విభాగం. స్నాచ్ (నేలమీంచి ఒక్క ఊపులో తల పైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240, కాంస్యం. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి. ఆమె పైన ఉన్న ఇద్దరూ, చైనాకి చెందిన లిన్ వెయినింగ్, హంగరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుష్, ఇద్దరి మొత్తమూ 242.5. శరీర బరువు తక్కువ ఉన్న లిన్‌కి స్వర్ణం. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 పెట్టించుకుంది, అది కాలేదు. ఆ అంకెలన్నీ రెండున్నర గుణిజాలే, గమనించారా? అప్పటి నియమం అది, బరువు రెండున్నర కిలోల మెట్లలోనే పెరగాలి. పోడియం మీద ముగ్గురి మధ్య ఉన్నది ఆ ఒక్క మెట్టే. 2005 నుంచి దాన్ని ఒక కిలోకి తగ్గించారు. ఆ ఒక కిలో ఎంతదో 2024 పారిస్‌లో మీరాబాయి చానుని అడగాలి: ఆమె మొత్తం 199, కాంస్యం తీసుకున్న థాయ్‌లాండ్ అమ్మాయిది 200. మామూలు పౌండ్ల సెట్టుతో ఆ తేడాని రాడ్ మీద చూపించలేరు, వాళ్ల కనీసపు మెట్టు 2.27 కిలోలు. అమెరికాలో కూడా ఒలింపిక్ లిఫ్టింగ్ నేర్పే చోట్ల కిలోల ప్లేట్లే ఉంటాయి, కారణం ఇదే.

అందుకే గరాజ్ సెట్ గురించి అడిగితే నా జవాబు మీరు ఏం చేయబోతున్నారన్న దానిమీద ఆధారపడుతుంది. స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ వైపు మనసుంటే కిలోలే, రెండో మాట లేదు. స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్ ఆరోగ్యం కోసం చేస్తానంటే పౌండ్ల ఇనుప ప్లేట్లు సెకండ్ హ్యాండ్‌లో కొనండి. అక్కడ జనం ఇల్లు మారినప్పుడల్లా ఇనుము చవగ్గా వదిలించుకుంటారు. కిలోల సెట్టు సెకండ్ హ్యాండ్‌లో దొరకడం అరుదు, దొరికినా రెట్టింపు చెప్తారు. రాడ్ మాత్రం కొత్తది, మంచిది కొనండి, డబ్బు దానిమీద పెట్టండి. ప్లేట్లు ఎప్పుడైనా మారతాయి. తిరిగి ఇండియా వచ్చేటప్పుడు ప్లేట్లు తెచ్చుకోవాలనే ఆలోచన వద్దు. ఇనుముకి షిప్పింగ్ కడితే ఇక్కడ కొత్తదే వస్తుంది, తెచ్చినవి ఇక్కడి ప్లేట్లతో జత కలవవు కూడా.

మీట్ విషయం. అమెరికాలోనూ పెద్ద పవర్‌లిఫ్టింగ్ సంఘాల మీట్లు కిలోల్లోనే నడుస్తాయి, ప్లేట్లు కూడా కిలోలవే ఉంటాయి. మీ ప్రయత్నాలు రెండున్నర కిలోల గుణిజాల్లో చెప్పాలి. రాడ్ 20, రెండు కాలర్లు (ప్లేట్లు జారకుండా చివర్ల బిగించేవి) చెరో రెండున్నర, కలిపి 25 కిలోలు అవుతుంది. అది ఖాళీ రాడ్ బరువు. జిమ్‌లో వాడే ప్లాస్టిక్ క్లిప్పుల బరువు ఎవరూ లెక్కపెట్టరు, ఇక్కడ కాలర్లు లెక్కలో ఉంటాయని గుర్తుంచుకోండి. మూడో ప్రయత్నం చెప్పేటప్పుడు పౌండ్లు మనసులో పెట్టుకుని వెళ్లకండి. టేబుల్ దగ్గర ఒక నిమిషమే టైమ్ ఉంటుంది. ముందురోజే ఒక కాగితం మీద 100 నుంచి 160 వరకు రెండున్నర చొప్పున కిలోలు, పక్కన పౌండ్లు రాసి జేబులో పెట్టుకోండి.

ఓపెనర్, అంటే మొదటి ప్రయత్నం, ఎలా ఎంచుకోవాలంటే, జిమ్‌లో మూడు సార్లు హాయిగా లేచే బరువు తీసుకోండి. ఆ రోజుకి మీరు 315 పౌండ్లు అలా లాగుతున్నారనుకుందాం. అది 142.88 కిలోలు. ఫారంలో 142.5 రాయండి, 145 రాయొద్దు. 145 అంటే 319.7 పౌండ్లు, జిమ్‌లో ఎప్పుడూ ముట్టుకోని బరువుతో ప్లాట్‌ఫామ్ మీద మొదటి లిఫ్ట్ చేయడం అవుతుంది. 142.5కి లోడర్లు సైడ్‌కి 25, 25, 5, 2.5, 1.25 వేసి కాలర్ బిగిస్తారు. వార్మప్ రూమ్‌లో కూడా కిలోల ప్లేట్లే ఉంటాయి, రంగులు చూసి లెక్కపెట్టుకోండి. అక్కడ ఎవరైనా పౌండ్ల ప్లేట్ ఒకటి తెచ్చి కలిపి ఉంటే, ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి.